పనికి వెళ్లాలంటే జొహన్నెస్‌బర్గా, దుబాయా?
సోంపేట, కంచిలి వైపు వెల్డింగ్ నేర్చిన కుర్రాళ్లకి ఈ సందేహం వస్తుంటుంది. జొహన్నెస్‌బర్గ్ ఉన్న దక్షిణాఫ్రికాలో నిరుద్యోగం 30 శాతం పైమాటే. మామూలు వర్క్ వీసా కావాలంటే, ఆ పనికి స్థానికుడు దొరకలేదని కంపెనీయే చూపించాలి. ఇంజినీర్లకైతే కొరత నైపుణ్యాల జాబితా (అక్కడ మనుషులు చాలని పనుల పట్టిక) ఉంది కాబట్టి దారి కాస్త నయం. విజిటర్ వీసా మీద వెళ్లి పని వెతుక్కుందామంటే మాత్రం వద్దు బాబూ.

దుబాయ్‌లో జనాభాలో ఎక్కువమంది బయటివాళ్లే. వెల్డర్‌కి పని దొరుకుతుంది, జీతం అంతంతమాత్రం. పది పాసవ్వనివాళ్లకి ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు, అంటే దుబాయ్ లాంటి చోటికి పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాలని; ఆ అనుమతి కేంద్రం వాళ్ల ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో తీసుకోక తప్పదు. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగ్గది మహా అయితే 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షలు అడిగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. డిగ్రీ లేనివాడికి నా ఓటు దుబాయ్‌కే.