ఫైబర్ బోటు ముక్కలు చెయ్యడానికి మార్బుల్ కట్టరు: చాలాకాలం వాడాక

పాడైన ఫైబర్ బోటును వదిలించుకోవాలంటే కొనాల్సింది నాలుగంగుళాల మార్బుల్ కట్టరు, దానికో డైమండ్ బ్లేడు. గ్రైండరూ వాడి చూశాకే ఈ మాట. గ్రైండరుకి కింద ప్లేటు ఉండదు. కోత కాస్త వంకరపోతే బ్లేడు ఇరుక్కుని చేతిని విసిరేస్తుంది. మార్బుల్ కట్టరు ప్లేటు బోటు పక్కకి ఆనుకుని సాఫీగా నడుస్తుంది, సుమారు 30 మి.మీ. లోతు తెగుతుంది. హాక్సా సంగతి అడక్కండి, గాజుపీచుకి దాని పళ్లు జానెడు కోతలోనే అరిగిపోతాయి.

బ్లేడు 110 మి.మీ.ది, నడిమి బెజ్జం 20 మి.మీ. ఉన్నది అడగాలి. అంచులో గాట్లు లేని రకమే మేలు. దీనికీ ఒక జబ్బుంది: వేడెక్కితే రెజిన్ (గాజుపీచుని పట్టి ఉంచే జిగురు) అంచుకి అంటుకుంటుంది, ఇక కొయ్యదు, రాస్తుంది. అప్పుడు గట్టిగా నొక్కితే కాలేది మోటారే. సిమెంటు ఇటుకలో రెండు గాట్లు పెడితే అంచు మళ్లీ పదునెక్కుతుంది. నీళ్లు సీసాతో చిలకరిస్తే చాలు. ప్లగ్గులు మాత్రం తడి తగలకుండా గుంజకి ఎత్తుగా కట్టాలి.

కోత కన్నా మోతకే ఎక్కువ ఖర్చు. 6 మి.మీ. మందం పక్క చదరపు మీటరుకి దాదాపు 9 కిలోలు, బోటు అడుగుభాగం 12 మి.మీ. ఉంటే 18. ఇద్దరు మోసే ముక్క రెండు చదరపు మీటర్లు దాటకూడదు. బోటు లోపల నీళ్లు తాగిన ఫోము, దాన్ని అంటుకున్న చెక్క ఈ లెక్కని పాడుచేస్తాయి. అందుకే అమావాస్య పోటుకి బోటును గట్టెక్కించి, అమరం (బోటు వెనక భాగం) వైపు వాల్చి, అడుగున అంగుళం బెజ్జాలు పెట్టి ఆరనివ్వాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఎండలూ అప్పుడే, అదీ అదను.

డీజిలు, ఇంజినాయిలు, బ్యాటరీ ముందే దించాలి. డబ్బొచ్చేది ఇంజిను, షాఫ్టు, ప్రొపెల్లరుకే. డొల్లని పాత ఇనుము కొట్టువాడు ముట్టుకోడు. తెరచాప యాట్లయితే అడుగున సీసమైనా దొరుకుతుంది, మన బోట్లకి ఆ యోగం లేదు. ముందు డెక్కు, తర్వాత అడ్డగోడలు, పక్కలు, చివర్న అడుగు దూలం. దూలం ముందే తెగితే బోటు నడుం కుంగి బ్లేడుని నొక్కేస్తుంది.

దుమ్ము చర్మంలో దిగి దురద పెడుతుంది, ఊపిరితిత్తులకి ఇంకా చెడ్డది. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా తప్పవు. గాలి వీపుకి తగిలేలా నిలబడాలి, కింద టార్పాలిన్ పరవాలి, లేకపోతే కోత పొట్టు అంతా పాటు నీళ్లతో మడ అడవిలోకి పోతుంది. పని అయ్యాక ఒళ్లు చన్నీళ్లతో కడుక్కోవాలి.

ముక్కలు తగలబెట్టొద్దు. రెజిన్ కరిగేది కాదు, నల్లటి విషపు పొగ వదిలి మాడుతుంది, గాజుపీచు అలాగే మిగులుతుంది. కాలవలో ముంచితే వలలు చిరుగుతాయి. చదునైన ముక్కలు రొయ్యల చెరువు గట్టు మీద మోటారు షెడ్డు గోడలకి పనికొస్తాయి, అంచులకి రెజిన్ పూస్తే పీచు రాలదు. మిగతాది సిమెంటు ఫ్యాక్టరీ కొలిమికి పంపడమే సరైన దారి. ఒక్క బోటుకి లారీ కిరాయి గిట్టదు, నాలుగైదు కలిపి పంపండి.

అణియం (బోటు ముందు భాగం) మీద రిజిస్ట్రేషన్ నంబరున్న ముక్కని మాత్రం పారెయ్యకండి. మత్స్యశాఖలో రిజిస్ట్రేషను, లైసెన్సు రద్దయినట్టు కాగితం చేతికొచ్చేదాకా దాన్నీ, కోతకి ముందు తీసిన ఫొటోలనీ ఉంచుకోవాలి.