కొత్త కేబుల్ బాగుంది, గొయ్యి మాత్రం పూడలేదు: మా వీధి లైను పనిపై సమీక్ష

ఉద్దానంలోని మా ఊరి వీధిలో విద్యుత్ పంపిణీ సంస్థ తరఫున ఒక కాంట్రాక్టరు ముఠా ఈ మధ్య మూడు రోజులు పనిచేసి, పాత వట్టి తీగల లైను తీసివేసి, తొడుగున్న పురి కేబుల్ లాగి, ఒరిగిపోయిన రెండు స్తంభాలను మార్చి వెళ్లింది. ఈ పనివారిని మనం ఎంచుకోము, వారికి మనం నేరుగా డబ్బు ఇవ్వము, పని నచ్చకపోతే మానిపించే వీలూ మనకు లేదు. అయినా వారు మన గుమ్మం ముందే గొయ్యి తీస్తారు, మన మీటరు పెట్టెలో చెయ్యి పెడతారు. కనుక హోటలు గురించి, మిక్సీ గురించి రాసుకున్నట్టే వీరి పని గురించి కూడా రాయవచ్చుననిపించింది.

ముందుగా పనితనం గురించి చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా మెచ్చుకోదగినదే. మా వీధిలోకి క్రేను రాదు. 8 మీటర్ల సిమెంటు స్తంభాన్ని ఏడుగురు మనుషులు రెండు వెదురుబొంగులను కత్తెరలా కట్టి, తాళ్లతో లాగి నిలబెట్టారు. స్తంభం పొడవులో దాదాపు ఆరో వంతు నేలలో ఉండాలన్నది ఈ పనిలో పాటించే లెక్క. మాది ఇసుక నేల కావడంతో గొయ్యి గట్లు జారిపోతూ ఉంటే, మేస్త్రీ విసుక్కోకుండా రెండుసార్లు మళ్లీ తవ్వించి, అడుగున రాళ్లు పరిపించాడు. స్తంభం నిటారుగా ఉందో లేదో చూడటానికి పురికొసకు ఒక నట్టు కట్టి వేలాడదీసి, ఒక కన్ను మూసి, అటువైపు నుంచి ఒకసారి, ఇటువైపు నుంచి ఒకసారి చూసి తృప్తిపడిన తరువాతే మట్టి దిమ్మిస వేయించాడు. వీధి మలుపు దగ్గర కేబుల్ కిందికి జారిందని నేను చూపించినప్పుడు కూడా వాదన పెట్టుకోలేదు. వీధికి అడ్డంగా వెళ్లే ఎల్‌టీ లైను (ఇళ్లకు కరెంటిచ్చే తక్కువ వోల్టేజి లైను) నేల నుంచి కనీసం 5.8 మీటర్ల ఎత్తున ఉండాలని తానే చెప్పి, అప్పటికప్పుడు బిగించి లాగించాడు.

కేబుల్ మార్పు అవసరమైనదే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజున మా ప్రాంతంలో స్తంభాలు వరసగా నేలకొరిగిపోయిన దృశ్యం చూసినవారెవరూ దానిని మరచిపోలేదు. తుపాను దాకా ఎందుకు, మామూలు ఈదురుగాలికి కొబ్బరి మట్ట పడినా వట్టి తీగలు రెండూ కలిసి, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు పోయి, రాత్రంతా చీకట్లో కూర్చునేవాళ్లం. కొత్త కేబుల్‌లో ప్రతి తీగకూ తొడుగు ఉంటుంది కాబట్టి మట్ట పడినా సాధారణంగా ఏమీ కాదు. పనైన వారానికే ఒక గాలివాన వచ్చింది, మా వీధిలో కరెంటు పోలేదు.

భద్రత విషయంలో మాత్రం మూడు రోజులూ ఒకేలా లేవు. మొదటి రెండు రోజులు లైన్‌మ్యాన్ స్వయంగా వచ్చి, లైన్ క్లియర్ (లైనులో కరెంటు ఆపి పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) తీసుకుని, పనిచేసే చోటికి రెండు వైపులా తీగలను నేలకు కలిపే ఎర్తింగు కట్టించాడు. ఇది ఊరికే చేసే తంతు కాదు. మా ఊళ్లో జీడిపప్పు బట్టీలవారికి జనరేటర్లు ఉన్నాయి, వాటికి సరైన చేంజోవర్ స్విచ్ (జనరేటరు నడిచేటప్పుడు బయటి లైనును విడదీసేది) లేకపోతే ఆ కరెంటు వెనక్కి తన్ని, ఆపేశామనుకున్న లైనులోకే వస్తుంది. (ఈ తప్పు కాంట్రాక్టరుది కాదు, మనది.) మూడో రోజు లైన్‌మ్యాన్ కనిపించలేదు. ఇరవై ఏళ్లు కూడా నిండనట్టున్న ఒక కుర్రాడు నడుముకు బెల్టు లేకుండా, కాళ్లకు హవాయి చెప్పులతో స్తంభమెక్కడం చూసి మా వీధి ఆడవాళ్లు కేకలు వేస్తే, అప్పుడు బెల్టు తెప్పించారు.

అసలు ఇబ్బంది ఆ సాయంత్రం కరెంటు వచ్చాక మొదలైంది. మా ఇంట్లో ఫ్యాను ఒక్కసారిగా హోరెత్తింది, బల్బు ఎన్నడూ లేనంత తెల్లగా వెలిగి టప్పున పోయింది. మెయిన్ ఆపేలోగా పక్కింటివారి టీవీ కాలిపోయింది. ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు పెట్టి చూస్తే 310 వోల్టులు చూపించింది. స్తంభం మీద న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) అతుకు వదులుగా ఉండటమే దీనికి కారణం. ఇంటికి రావలసినది 230 వోల్టులు, రెండు ఫేజుల (కరెంటు తెచ్చే తీగల) మధ్య ఉండేది సుమారు 400. న్యూట్రల్ తెగినా, వదులైనా, వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్లు ఒకదానికొకటి గొలుసు కట్టినట్టయి, తక్కువ వాడకం ఉన్న ఇంటి మీద ఎక్కువ వోల్టేజి పడుతుంది. అదే సాయంత్రం వీధి చివరి పిండిమర మోటారు ఎదురు తిరిగింది. త్రీఫేజ్‌లో రెండు తీగలు తారుమారైతే ఇలాగే జరుగుతుంది, తిరిగి మార్చడం అయిదు నిమిషాల పని. మర్నాడు వచ్చి రెండూ సరిచేశారు. కాని కరెంటు ఇచ్చే ముందు ఒక్కొక్క ఇంటి సర్వీసు తీగ దగ్గర మీటరు పెట్టి చూసి ఉంటే ఈ నష్టమే ఉండేది కాదు. టీవీ సంగతి అడిగితే సమాధానం చెప్పే మనిషి లేకపోయాడు.

సర్వీసు తీగ తిరిగి కలపడానికి ఇంటికి 200 రూపాయల చొప్పున "టీ ఖర్చులు" అడిగారు. నేను రసీదు అడిగాను, నవ్వి ఊరుకున్నారు. చాలామంది ఇచ్చేశారు.

ఇక గొయ్యి. పాత స్తంభం పీకిన చోట మోకాలి లోతు గొయ్యి, దాని పక్కన విరిగిన కాలువ గట్టు, కొట్టేసిన కొబ్బరి మట్టల కుప్ప మిగిలాయి. "మాస్టారూ, మాది లైను వరకేనండి, గట్టు మా ఎస్టిమేటులో లేదు" అన్నాడు మేస్త్రీ, అతను చెప్పినది నిజమే కావచ్చు. విద్యుత్ సంస్థ సెక్షన్ ఆఫీసులో కాంట్రాక్టరును అడగమన్నారు, పంచాయతీలో కరెంటువాళ్లను అడగమన్నారు. నా దృష్టిలో ఈ లోపం ముఠాది కన్నా పని అప్పగించినవారిది. స్తంభం పాతడానికి లెక్క కట్టినవారు పీకిన చోటు పూడ్చడానికి కూడా లెక్క కట్టాలి.

విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకున్నాను. అక్కడ తేలకపోతే 2003 విద్యుత్ చట్టం ప్రకారం ఏర్పడిన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. పని చేసినది కాంట్రాక్టరే అయినా, ఫిర్యాదు ఇవ్వవలసినది పంపిణీ సంస్థ మీదనే.

పనితనానికి అయిదుకు నాలుగు, పని ముగించిన తీరుకు ఒకటిన్నర ఇస్తాను. వచ్చే వారం ఇదే ముఠా పక్క వీధిలో పని మొదలుపెడుతుంది. అక్కడ ఉంటున్న మా చెల్లెలికి నేను చెప్పినదిది: పని మొదలుకాక ముందే మీటరు రీడింగు ఫోటో తీసుకో, మెయిన్ ఆపి ఉంచు, సాయంత్రం కరెంటు ఇచ్చాక నీ ఎదుటే వోల్టేజి కొలిచి చూపించమని వాళ్లను అడుగు, ఆ తరువాతే ఫ్రిజ్ వెయ్యి.