ఏడాది దాటిన పిల్లలకు డబ్బా పాలా, ఆవు పాలా? ఇద్దరు పిల్లలకు వాడి చూశాక నా మాట

మా పాపకు ఏడాది నిండిన వారం నుంచి రెండేళ్ల రెండు నెలలు వచ్చేదాకా, అంటే 14 నెలల పాటు, డబ్బా పాలు పట్టాను. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకని అమ్మే రకం. ఐరన్, డి విటమిన్, డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు కలిపిన పొడి. బాబుకు మాత్రం ఆ డబ్బా జోలికే పోలేదు, ఏడాది దాటగానే మామూలు ఆవు పాలు అలవాటు చేశాను. ఇప్పుడు పాపకు ఐదేళ్లు, బాబుకు రెండున్నర. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ఏడాది దాటాక ఆ పొడి అక్కర్లేదన్నది నా గట్టి అభిప్రాయం. అయితే పొడి మానేసి ఆవు పాలు పట్టడంలో నేను చేసిన తప్పూ చిన్నది కాదు. అదీ చెప్తాను.

అసలు ఎందుకు కొన్నానంటే, పాప తినేది కాదు. ఏడాది నిండాక రెండు ముద్దలు తిని మూతి తిప్పేసుకునేది. నాకు ఒకటే టెన్షన్. అంతకుముందు వాడిన డబ్బాల మీద 1, 2 అని అంకెలు ఉండేవి. పక్కనే అదే రంగు, అదే బొమ్మతో 3 అని ఇంకో డబ్బా. బడిలో రెండో తరగతి తర్వాత మూడో తరగతి ఉన్నట్టు, ఇది తప్పనిసరిగా వచ్చే మెట్టు అనుకున్నాను. మానేస్తే పిల్లకు ఏదో లోటు చేసినట్టేనని భయం. నిజానికి ఏడాది లోపు వాడే పొడికీ దీనికీ పోలిక లేదు. తల్లిపాలు అందని పసిబిడ్డకు మొదటి డబ్బా ప్రాణాధారం, ఆవు పాలు దానికి బదులు కావు. ఏడాది దాటాక పిల్లలకు ఇంట్లో తిండి ఉంటుంది. అప్పటి నుంచి పాలు తిండికి తోడు మాత్రమే.

పిల్లల డాక్టర్‌గారు తర్వాత చెప్పిన ఒక్క మాట నాకు అప్పుడే తెలిసి ఉంటే ఎంత బాగుండేదో. మొదటి ఏడాదిలో పిల్లలు పుట్టినప్పటి బరువుకు మూడింతలు అవుతారు. రెండో ఏడాదిలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల నెమ్మదించినప్పుడు ఆకలి తగ్గడం సహజం. "తినడం లేదని మీరు పాలు పెంచారు, పాలు పెరిగాయని పాప తినడం మానేసింది. ఇందులో పాప తప్పేముందమ్మా?" అన్నారు.

ఇక ఆ పొడి సంగతి. మంచి మాటలు ముందు చెప్తాను. కలపడం తేలిక, ప్రయాణాల్లో చాలా ఉపయోగపడింది. కలిపిన ఐరన్ కూడా ఉత్తుత్తిది కాదు. మా డబ్బా మీద కలిపిన 100 మి.లీ. పాలకు ఒక మిల్లీగ్రాము పైన ఐరన్ అని రాసి ఉండేది. ఆవు పాలలో అదే కొలతకు 0.1 మిల్లీగ్రాము కూడా ఉండదు. ఈ వయసు పిల్లలకు రోజుకు దాదాపు 7 మిల్లీగ్రాములు కావాలి కాబట్టి ఈ తేడా చిన్నదేం కాదు. పొడి గురించి మాట్లాడేవాళ్లు ఈ విషయం దాచకూడదు.

కానీ ఒకరోజు పాప నిద్రపోయాక డబ్బా తిప్పి వెనకవైపు మొదటిసారి శ్రద్ధగా చదివాను. అక్షరాలు ఎంత చిన్నవంటే ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసుకోవాల్సి వచ్చింది. ఏది ఎక్కువుంటే అది ముందు వచ్చేలా రాస్తారు కదా, పాలపొడి తర్వాత రెండో పేరే మాల్టోడెక్స్‌ట్రిన్. పిండి పదార్థాన్ని విరగ్గొట్టి చేసేది, ఒంట్లో చక్కెర లాగే త్వరగా కలిసిపోతుంది. ఆ రోజు ఒక చెంచాడు కలిపి నేనూ తాగి చూశాను. తియ్యగా, చిక్కగా, వెనీలా వాసనతో ఉంది. పాప ఎందుకు అంత ఇష్టంగా తాగేదో, ఉత్త పాలు ఇస్తే ఎందుకు ఉమ్మేసేదో అప్పుడర్థమైంది. అన్ని డబ్బాలూ ఒకేలా ఉండవు, మీరు కొన్నదాని వెనక మీరే చదవండి.

పెద్ద సంస్థలు చెప్పేదీ ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 12 నుంచి 23 నెలల పిల్లలకు పశువుల పాలు ఇవ్వొచ్చు, ఈ తరహా పొడి పాలను సిఫార్సు చేయడం లేదు అని ఉంది. అదే ఏడాది అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు వీటితో ప్రత్యేకమైన ప్రయోజనం లేదంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2013లోనే వీటిని అవసరంగా చూడలేమని తేల్చింది. ఐరోపాలోని పిల్లల వైద్యుల సంఘం ఒకటి మాత్రం, అందరికీ అవసరం లేదు గానీ ఐరన్, డి విటమిన్ అందించే మార్గాల్లో ఇదొకటి కావచ్చు అంది. అది కూడా న్యాయమైన మాటే.

ఇప్పుడు నా తప్పు. పొడి మానేశాక పాపకు ఆవు పాలు అదే సీసాలో, అన్నిసార్లే ఇచ్చాను. 240 మి.లీ. సీసాలు రోజుకు నాలుగు, చివరిది నిద్రలో. అంటే 900 మి.లీ. పైమాటే. పాలే కదా, మంచిదే కదా అనుకున్నాను. రెండున్నరేళ్లు వచ్చేసరికి పాప కనురెప్ప లోపల ఎరుపు లేదు, పాలిపోయింది. ఆడుతూ ఆడుతూ వచ్చి నా ఒళ్లో పడుకునేది. గోడకున్న సున్నం గీకి నోట్లో పెట్టుకోవడం చూసి గుండె ఆగినంత పనైంది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4. ఆ వయసుకు కనీసం 11 ఉండాలి. ఐరన్ లోటుతో రక్తం తగ్గిందన్నమాట.

"అయితే మళ్లీ పొడి మొదలుపెట్టమంటారా?" అని అడిగాను. డాక్టర్‌గారు వద్దన్నారు. ఆవు పాలలో ఐరన్ లేకపోవడం ఒక ఎత్తు, ఎక్కువ తాగితే అందులోని కాల్షియం, కేసీన్ అనే ప్రొటీన్ తిండిలోని ఐరన్‌ను కూడా సరిగా ఒంటబట్టనివ్వవు. పైగా కడుపు నిండిపోయి ఆ తిండే లోపలికి పోదు. రోజుకు 400 నుంచి 500 మి.లీ. చాలు, అదీ గ్లాసులో, తిండికి ముందు కాదు అన్నారు. మూడు నెలలు ఐరన్ సిరప్ రాశారు, పాలతో కలిపి వేయొద్దని మరీ మరీ చెప్పారు. సీసా తీసేసిన మొదటి వారం నరకమే. రాత్రి రెండింటికి లేచి సీసా కోసం ఏడ్చేది, నేనూ దానితో పాటు ఏడ్చాను. పదో రోజుకు మాత్రం పొద్దున్నే లేచి "ఆకలి" అంది. ఆ మాట అది అంతకుముందు ఎప్పుడూ అనలేదు. మూడు నెలల తర్వాత హిమోగ్లోబిన్ 11.6 వచ్చింది.

బాబు దగ్గర ఇవన్నీ ముందే తెలుసు కాబట్టి ఏడాది నుంచే చిన్న గ్లాసు. వెన్న తీయని పాలు, బాగా కాచి, రోజు మొత్తానికి రెండు గ్లాసులు, ఒకటిన్నర ఏడు వరకు తల్లిపాలు కూడా. ఐరన్ కోసం గుడ్డు, పప్పులు, ఆకుకూరలు, వారంలో రెండు మూడు రోజులు మాంసం లేదా చేప. ఆకుకూర, పప్పు పెట్టినప్పుడు పుల్లటి పండో, నిమ్మరసమో తప్పకుండా ఉండేలా చూస్తాను, సి విటమిన్ ఉంటే ఐరన్ బాగా ఒంటపడుతుంది. డి విటమిన్ ఆవు పాలలో సహజంగా చాలా తక్కువ, దానికి డాక్టర్‌గారు చెప్పిన చుక్కలు వేస్తున్నాను. రెండేళ్లకు చేయించిన పరీక్షలో వాడి హిమోగ్లోబిన్ 11.9.

పాప పళ్ల సంగతి కూడా చెప్పాలి. పై ముందుపళ్లు రెండు పుచ్చిపోయాయి. నిద్రలో సీసా నోట్లో పెట్టినందుకని పళ్ల డాక్టర్ అన్నారు. అది పొడి వల్లా, తర్వాతి ఆవు పాల వల్లా అని విడదీయలేను, రెండూ రాత్రి సీసాలోనే ఇచ్చాను.

ఆవు పాలు పడని పిల్లలు, బరువు పెరగని పిల్లలు, నెలలు నిండక ముందే పుట్టినవాళ్లు ఉంటారు. వాళ్లకు ఏ పాలు అన్నది వాళ్ల డాక్టరే చెప్పాలి, నా అనుభవం అక్కడ పనికిరాదు. మిగతావాళ్లు ఇప్పుడు పొడి వాడుతూ మానాలనుకుంటే ఒక్కసారిగా మార్చకండి. మేము డబ్బా మీద చెప్పిన కొలత ప్రకారం విడిగా కలిపిన పొడి పాలలో మొదట నాలుగో వంతు ఆవు పాలు పోశాం. మూడు నాలుగు రోజులకోసారి పెంచుకుంటూ పోతే రెండు వారాల్లో పూర్తిగా మారింది. సీసా తీసేయడం కూడా అప్పుడే చేసేయండి. మేము దాన్ని ఉంచేసుకున్నందుకే ఇంకో నాలుగు నెలలు పట్టింది.