మజీద్ బిష్కర్ ఆడిన ఊరు: కలకత్తా మైదాన్, బస, భోజనం

కలకత్తాకు వెళ్లేవారు సాధారణంగా విక్టోరియా మెమోరియల్, దక్షిణేశ్వరం, బేలూరు మఠం చూసుకుని వస్తారు. నేనూ నా మిత్రుడూ ఈ వర్షాకాలంలో వేరే పని పెట్టుకుని వెళ్లాము. 1980లో కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ క్లబ్‌లో చేరి, అభిమానుల నోట ‘బాద్‌షా’ అనిపించుకున్న మజీద్ బిష్కర్ అనే ఇరాన్ ఆటగాడి జ్ఞాపకం ఆ నగరంలో ఎక్కడ ఎంత మిగిలి ఉందో చూడాలన్నది మా ఉద్దేశం. అటువంటి ఆసక్తి ఉన్నవారికి ఏ చోటు ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ దిగితే సుఖమో, ఎక్కడ సమయం వృథా అవుతుందో రాయడం ఉపయోగకరమని అనిపించింది.

ముందుగా ప్రయాణం సంగతి. మన వైపు నుంచి కోరమండల్, ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లు ఇప్పుడు షాలిమార్ స్టేషన్‌లో ఆగిపోతున్నాయి. అక్కడ మెట్రో లేదు. సామానుతో బయటికి రాగానే టాక్సీ బేరాలు మొదలవుతాయి. ఫలక్‌నుమా వంటి హౌరా వరకు వెళ్లే రైలు దొరికితే దానినే ఎంచుకోవాలి. హౌరా స్టేషన్ దగ్గరే మెట్రో ఎక్కి, హుగ్లీ నది అడుగున 520 మీటర్ల సొరంగాన్ని ముక్కాలు నిమిషంలో దాటి ఎస్ప్లనేడ్‌లో దిగవచ్చు. అదే లైను సాల్ట్ లేక్ స్టేడియం వరకు, ఇంకా ముందుకు సెక్టర్ ఫైవ్ వరకు 2025 ఆగస్టు నుంచి ఏకధాటిగా నడుస్తోంది. ఫుట్‌బాల్ కోసం వచ్చేవారికి ఈ నగరంలో ఇంతకు మించిన సదుపాయం మరొకటి లేదు.

బస విషయంలో మొదట సడర్ స్ట్రీట్ ప్రాంతంలో ఒక లాడ్జిలో దిగాము. పాత బంగళాను గదులుగా మార్చినది. ఎత్తైన పైకప్పు, పొడవాటి వసారా చూడటానికి ముచ్చటగానే ఉన్నాయి గాని, వర్షాకాలంలో గోడలు చెమర్చి దుప్పట్లకు కూడా ముక్కవాసన పట్టింది. వేడినీళ్లు అడిగిన ప్రతిసారీ ‘పది నిమిషాల్లో’ అన్న సమాధానమే తప్ప బకెట్ వచ్చింది లేదు. ఇంత చెప్పినా ఆ ప్రాంతాన్ని పూర్తిగా తీసివేయలేను, ఎందుకంటే అక్కడి నుంచి మైదాన్‌కు, అంటే ఫుట్‌బాల్ క్లబ్బులున్న నగర మధ్యంలోని పెద్ద బయలుకు, నడిచి వెళ్లవచ్చు. ఈ యాత్రకు అదే ముఖ్యం. లాడ్జిని మాత్రం ఫొటోలు చూసి కాక, గది చూసి మాట్లాడుకోవాలి.

మైదాన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ అనే మూడు పెద్ద క్లబ్బులకూ అక్కడ ఆవరణలు ఉన్నాయి. వాటిని అందరూ ఇప్పటికీ ‘టెంట్’ అనే పిలుస్తారు. స్థలం సైన్యానిది కనుక ఏది కట్టాలన్నా వారి అనుమతి కావాలి. అందుకే నూరేళ్ల చరిత్ర ఉన్న సంస్థలు కూడా అక్కడ అతిథుల్లాగే ఉండిపోయాయి. ఈస్ట్ బెంగాల్ ఆవరణలో ఎరుపు, పసుపు రంగులు, కాగడా గుర్తు తప్ప పైకి ఆడంబరమేమీ కనిపించదు. అది సభ్యుల కోసం ఏర్పడిన చోటు. పర్యాటకులకు దారి చూపించేవారు, వివరించే పలకలు ఉంటాయని ఆశించి వెళ్లకూడదు. లీగ్ మ్యాచ్ ఉన్న రోజు మధ్యాహ్నం వెళ్తే మాత్రం ఆ లోటు తెలియదు, ఎందుకంటే ప్రతి బల్ల మీదా వివరించేవారు ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉంటారు.

అటువంటి ఒక పెద్దాయన మాకు టీ దుకాణం దగ్గర తటస్థపడ్డారు. మేము మజీద్ పేరెత్తగానే ఆయన తాగుతున్న మట్టి కప్పును బల్ల అంచున పెట్టి, దానిని డిఫెండర్ అనుకోమన్నారు. తరువాత ఎడమ భుజాన్ని కొంచెం వంచి, చూపుడు వేలితో ఒక చిల్లర నాణేన్ని కప్పుకు ఒక పక్క నుంచి నెట్టి, చేతిని మరో పక్క నుంచి తీసుకువచ్చి ముందు అందుకున్నారు. ‘దాదా, బంతి ఇటు వెళ్లేది, మనిషి అటు వెళ్లేవాడు, కప్పు మాత్రం ఇక్కడే నిలబడిపోయేది’ అని హిందీలో చెప్పి, నాణెం జేబులో వేసుకుని మళ్లీ టీ తాగారు. పక్కనున్న యువకుడు ఫోనులో కొత్త ఆటగాడి వీడియో చూపించబోతే ఆయన మర్యాదకు చూశారే గాని ఒక్క మాటా అనలేదు.

ఆ అభిమానాన్ని కప్పుల లెక్కతో కొలిస్తే అర్థం కాదు. మజీద్ అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి వచ్చిన ఇరానీ విద్యార్థి. జంషీద్ నసీరీ, మహమూద్ ఖబాజీలతో కలిసి 1980లో ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. ఆ ఏడాది ఫెడరేషన్ కప్‌ను ఆ క్లబ్ మోహన్ బగాన్‌తో కలిసి పంచుకుంది. 1982 నాటికి అతడు మహమ్మడన్ స్పోర్టింగ్‌కు వెళ్లిపోయాడు. అంటే అతడు ఎరుపు-పసుపు చొక్కా వేసుకున్నది రెండు సీజన్లే. ఈస్ట్ బెంగాల్ క్లబ్ 1970 నుంచి 1975 వరకు వరుసగా 6 సార్లు కలకత్తా లీగ్ గెలిచింది. 1970లో ఐఎఫ్ఏ (ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్) షీల్డ్ ఫైనల్లో ఇరాన్‌కు చెందిన పాస్ జట్టును ఓడించింది. 1975 షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను 5-0తో చిత్తు చేసింది. అన్ని విజయాలు తెచ్చిన తరాన్ని గౌరవంగా తలచుకునేవారే, రెండేళ్ల మజీద్ దగ్గరికి వచ్చేసరికి గొంతు మారుస్తారు.

నాకు తోచిన కారణం ఇది. 1980 సీజన్‌కు ముందు ఈస్ట్ బెంగాల్‌లో పేరున్న ఆటగాళ్లు చాలామంది క్లబ్ విడిచి వెళ్లిపోయారు. శిక్షకుడు పి.కె. బెనర్జీకి మిగిలింది సగం ఖాళీ అయిన జట్టు. ఏమీ ఆశించని సంవత్సరంలో, ఎవరూ విననైనా వినని కుర్రవాడు వచ్చి ఆటను కళ్లప్పగించి చూసేలా చేశాడు. నిండుగా ఉన్న జట్టులో చేరిన నక్షత్రం పది కప్పులు తెచ్చినా ఇంత ఆత్మీయత దొరకదు. ఆ ఏడాదికి మరో నీడ కూడా ఉంది. ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్ సందర్భంగా చెలరేగిన గొడవలో 16 మంది ప్రేక్షకులు చనిపోయారు. మజీద్ గురించి ఆనందంగా చెప్తున్న మనిషి కూడా ఆ తేదీ దగ్గర ఆగుతాడు. క్లబ్ శతాబ్ది ఉత్సవాలకు 2019 ఆగస్టులో మజీద్ తిరిగి వచ్చినప్పుడు, వేళకాని వేళ అతడి విమానం దిగితే విమానాశ్రయం దగ్గర అభిమానులు గుమిగూడారు. వారిలో అతడి ఆటను చూసిన వయసు లేనివారే ఎక్కువని మాకు చెప్పిన ఆయన కూడా ఆ వయసువాడే.

ఇక్కడ ఒక చిన్న చేదు ముచ్చట చెప్పకుండా ఉండలేను. మజీద్‌తో వచ్చిన జంషీద్ నసీరీ కలకత్తాలోనే స్థిరపడ్డారు. ఆయన కుమారుడు కియాన్ నసీరీ 2022 జనవరి 29న డర్బీలో, అంటే ఈ రెండు పాత ప్రత్యర్థుల మ్యాచ్‌లో, హ్యాట్రిక్ సాధించాడు. అయితే అది ఈస్ట్ బెంగాల్ మీద, మోహన్ బగాన్ పక్షాన. టీ బల్ల దగ్గర ఈ విషయం మేమే ఎత్తి ఉండాల్సింది కాదు.

సాల్ట్ లేక్ స్టేడియాన్ని చూడాలా అంటే, మ్యాచ్ ఉంటేనే చూడమంటాను. ఖాళీ రోజున అది పెద్ద కాంక్రీటు కట్టడం మాత్రమే. 1997లో ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు అక్కడ 1,31,000 మందికి పైగా వచ్చారని, బైచుంగ్ భూటియా హ్యాట్రిక్‌తో ఈస్ట్ బెంగాల్ 4-1తో మోహన్ బగాన్‌ను ఓడించిందని తెలిసినవారికి కూడా ఖాళీ కుర్చీలు ఏమీ చెప్పవు. మ్యాచ్ ఉన్న రోజు సంగతి వేరు. సంచులు, నీళ్ల సీసాలు వెంట తీసుకుపోకపోవడం మంచిది. గేటు నంబరును టికెట్‌లో ముందే చూసుకుని సరైన వైపు దిగాలి, లేకపోతే ఆ ప్రాకారం చుట్టూ చాలా దూరం నడవాల్సి వస్తుంది. ఆట ముగిశాక మెట్రో స్టేషన్ దగ్గర పెరిగే రద్దీని దృష్టిలో పెట్టుకుని, చివరి రైలు వేళ తెలుసుకుని వెళ్లాలి. ఆ చుట్టుపక్కల హోటళ్లు శుభ్రంగా, ఖరీదుగా ఉంటాయి. రాత్రి మ్యాచ్ ఒక్కటే చూసి మరునాడు వెళ్లిపోయేవారికి తప్ప అక్కడ దిగమని చెప్పను, ఎందుకంటే అక్కడ తలుపు బయట ఫుట్‌బాల్ ఊసే లేదు.

ఆ స్టేడియంలో కూర్చున్నప్పుడే గతం మీద ఇంత మమకారం ఎందుకో బాగా బోధపడింది. 2003లో జకార్తాలో ఆసియాన్ క్లబ్ కప్ గెలిచిన జట్టు ఈస్ట్ బెంగాల్. ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో చేరిన తొలి ఐదు సీజన్లలో దాని స్థానాలు వరుసగా 9, 11, 9, 9, 9. మధ్యలో 2024 జనవరిలో భువనేశ్వర్‌లో ఒడిశాను అదనపు సమయంలో 3-2తో ఓడించి సూపర్ కప్ గెలవడం ఎడారిలో వానలాగా వచ్చింది. విదేశీ ఆటగాళ్లు ఏటా వస్తున్నారు, ఏటా మారుతున్నారు. ఎవరి పేరునైనా నలభై ఏళ్ల తరువాత తలుస్తారా అని నా మిత్రుడు అడిగితే పక్క సీటులోని కుర్రవాడు నవ్వి ఊరుకున్నాడు.

రెండో బస జాదవ్‌పూర్ వైపు ఒక కుటుంబం నడిపే చిన్న అతిథి గృహంలో. నా ఓటు దానికే. దేశ విభజన తరువాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు కాలనీలు వేసుకున్న ప్రాంతమది. బిజయ్‌గఢ్ అక్కడికి దగ్గరే. ఈ క్లబ్ అభిమానం ఇళ్లలో ఎలా ఉంటుందో అక్కడ అర్థమవుతుంది. ఇల్లు వదిలి వచ్చినవారికి ఆ చొక్కా రంగులే ఊరి పేరు. గదులు చిన్నవి, ఏసీ లేదు, మైదాన్‌కు రావాలంటే సీల్దా లోకల్ రైలో బస్సో పట్టుకోవాలి. కాని భోజనంలో ఇంటావిడ ఆవపిండితో వండిన పులస పెట్టింది. మన గోదావరి పులస రుచి తెలిసినవాడిగా చెప్తున్నాను, ఈ ఆవ ఘాటుకు అలవాటు పడటానికి ఒక పూట పడుతుంది, ఆ తరువాత వదలబుద్ధి కాదు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే పులస, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు అన్నది అక్కడి ఆనవాయితీ. వంట సంగతి తేలాలంటే ఫలితం రావాలన్నమాట.

తెలుగువారికి ఈ క్లబ్‌తో మరో బంధం ఉంది. ఐఎఫ్ఏ షీల్డ్‌ను 1949 నుంచి వరుసగా మూడేళ్లు గెలిచిన జట్టులో ‘పంచ పాండవులు’ అని పేరుపడిన ఐదుగురు ఫార్వర్డ్‌లలో అప్పారావు ఒకరు. తరువాత సికింద్రాబాదు నుంచి తులసీదాస్ బలరామ్ వచ్చి, 1961లో జట్టు నాయకుడిగా కలకత్తా లీగ్ గెలిపించారు. ఆయన మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడి, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించిన జట్టులో సభ్యుడిగా నిలిచారు. చివరి దాకా హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలోనే ఉండి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. మైదాన్‌లో పెద్దవారితో మాట్లాడేటప్పుడు మజీద్ కంటే ముందు బలరామ్ పేరు చెప్పి చూడండి. హైదరాబాదు వైపు నుంచి వచ్చారని తెలియగానే బల్ల మీద జరిగి చోటిస్తారు.

ఉత్తర్‌పారాకు హౌరా నుంచి బండేల్ వైపు లోకల్ రైళ్లు తరచుగా ఉన్నాయి. నది ఒడ్డున నడవడానికి ఒక ఉదయం సరిపోతుంది. మధ్యాహ్నానికి హౌరా చేరుకుని మెట్రో ఎక్కితే మైదాన్‌లో లీగ్ మ్యాచ్ మొదలయ్యే లోపు ఎస్ప్లనేడ్‌లో దిగవచ్చు. మ్యాచ్‌ల తేదీలు చివరి నిమిషంలో మారుతుంటాయి కనుక, తిరుగు టికెట్‌కు ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకోవడం మేలు.