డాలస్‌లో లీజ్ రెన్యూ చేసుకుంటున్నారా? సంతకానికి తొందరపడకండి

ఇర్వింగ్, ఫ్రిస్కో వైపు అపార్ట్‌మెంట్లలో ఉంటున్న మనవాళ్లందరికీ, ముఖ్యంగా కొత్తగా దిగుతున్న స్టూడెంట్స్‌కి ఈ హెచ్చరిక.

మాకు వచ్చిన రెన్యువల్ లెటర్‌లో ఒక టేబుల్ ఉంది. 12 నెలలకైతే 1,715 డాలర్లు, 14 నెలలకైతే 1,668, 7 నెలలకైతే 1,940. మేం కడుతున్నది 1,520. అదే రోజు వాళ్ల వెబ్‌సైట్ తెరిచి చూస్తే, మా పై అంతస్తులో ఖాళీగా ఉన్న ఇల్లు, అచ్చం మా ప్లానే, కొత్తగా వచ్చేవాళ్లకి 1,560! ఆఫీసుకెళ్లి అడిగితే లీజింగ్ చూసే ఆమె స్క్రీన్ మావైపు తిప్పి, "రేటు సిస్టమ్ ఇస్తుందండీ, మా చేతిలో ఏమీ లేదు" అంది. ఒక్క నెల కూడా ఆలస్యం చేయకుండా అద్దె కట్టినవాళ్లకి దక్కే మర్యాద ఇదా అని కడుపు మండిపోయింది.

మా దగ్గర వాడేది ఏ సాఫ్ట్‌వేరో వాళ్లు చెప్పలేదు. అయితే ఇలాంటి వాటి సంగతి కోర్టుదాకా వెళ్లింది. 2024 ఆగస్టులో అమెరికా న్యాయశాఖ, ఎనిమిది రాష్ట్రాలు కలిసి, ఓనర్లకి అద్దె రేట్లు లెక్కగట్టి చెప్పే సాఫ్ట్‌వేర్ అమ్మే టెక్సాస్ కంపెనీ రియల్‌పేజ్ మీద కేసు వేశాయి. ఒకరితో ఒకరు పోటీ పడాల్సిన ఓనర్లు బయటికి చెప్పని అద్దెల లెక్కలన్నీ ఆ సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే, అది వాటిని కలిపి అందరికీ రేట్లు చెబుతోందని, దాంతో పోటీయే లేకుండా పోతోందని ఆరోపణ. 2025 నవంబర్‌లో రాజీ ప్రతిపాదన వచ్చింది. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు. బయటికి చెప్పని డేటాతో సాఫ్ట్‌వేర్‌కి శిక్షణ ఇవ్వాలంటే అది కనీసం 12 నెలల పాతదై ఉండాలన్నది అందులో ఒక షరతు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఉంటుంది. న్యూయార్క్ రాష్ట్రం 2025లో ఇలాంటి సాఫ్ట్‌వేర్‌తో అద్దెలు పెట్టడం మీద నిషేధ చట్టం చేసింది, జెర్సీ సిటీ కూడా ఆపింది. టెక్సాస్‌లో అలాంటి చట్టం లేదు. ఇంతమంది అద్దెకుండే రాష్ట్రంలో అది రావాల్సిందే.

"మా చేతిలో లేదు" అంటే నమ్మకండి. తాము ఇచ్చేది సిఫార్సు మాత్రమేనని, తుది నిర్ణయం ఓనర్లదేనని రియల్‌పేజే చెప్పుకుంటోంది. మేం పై ఇంటి రేటు స్క్రీన్‌షాట్ తీసి, ఆ తేడా ఎందుకో రాసివ్వమని మేనేజర్‌కి ఈమెయిల్ పెట్టాం. 1,590కి దిగారు.

"ఆరు వారాలు ఫ్రీ" ఆఫర్‌తో చేరేవాళ్లు ఇంకో సంగతి అడగండి: వచ్చే ఏడాది పెంపు మీరు నిజంగా కట్టినదాని మీదా, లీజులో రాసిన పూర్తి అద్దె మీదా? మా పక్కింటివాళ్లకి పూర్తి అద్దె మీదే పెంచారు. ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు నోటీసివ్వాలో కూడా లీజులో చూసుకోండి, చాలా చోట్ల 60 రోజులు. ఆ గడువు దాటాక బేరమాడితే ఎవరూ వినరు.