సూపర్ స్టార్ వార్స్: పదేళ్లకు పైగా ఆడాక

2013లో న్యూజెర్సీలో ఉన్నప్పుడు పాత సామాన్ల సంతలో సూపర్ నింటెండో అనే పాత వీడియో గేమ్ యంత్రం, దాంతోపాటు ‘సూపర్ స్టార్ వార్స్’ ఆట ఉన్న కార్ట్రిడ్జ్ కొన్నాను. రెండేళ్ల తరువాత హైదరాబాద్ వచ్చేస్తూ వెంట తెచ్చుకున్నాను. దాని అడాప్టర్ 120 వోల్టులది కాబట్టి ఇక్కడ వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. ఇప్పటికీ నెలకు రెండు మూడు రాత్రులు దీనితోనే గడుస్తాయి.

లూకాస్‌ఆర్ట్స్, స్కల్ప్చర్డ్ సాఫ్ట్‌వేర్ అనే రెండు సంస్థలు కలిసి 1992లో తెచ్చిన ఆట ఇది. కథ 1977 నాటి మొదటి ‘స్టార్ వార్స్’ సినిమాదే. కానీ సినిమాలో కథానాయకుడు లూక్ ఇంటివాళ్లు, జావాలనే పొట్టి ఎడారి వర్తకుల దగ్గర రోబోలను డబ్బిచ్చి కొంటారు. ఇక్కడ ఆర్‌టూ-డీటూ అనే రోబో కోసం లూక్ జావాల శాండ్‌క్రాలర్ అనే భారీ ఎడారి వాహనం పైకి ఎగబాకాలి, లోపలికి దిగాలి, లావాలోంచి లేచే మృగంతో తలపడాలి. మొదటి దశ చివర ఎదురయ్యే సార్లాక్ అనే ఇసుక గుంటలోని రాక్షస జీవి అసలు 1983లో వచ్చిన మూడో సినిమాలోది. సినిమాకు కట్టుబడలేదని కొందరికి కోపం. నాకు మాత్రం ఆ తెగువే ఈ ఆటకు ప్రాణం. బేరసారాలతో సాగే ఘట్టాన్ని చేతులతో ఆడించగలిగేలా మలిచారు.

ఆ శాండ్‌క్రాలర్ గోడ నాకు ఇప్పుడు కంఠతా వచ్చు. కదిలే పలక మీద నిలబడి, పై పలక దగ్గరికొచ్చే క్షణం కోసం చూస్తూ, గింగిరాలు తిరిగే ఎత్తు గెంతు వేస్తాను. సరిగ్గా అప్పుడే పక్కనుంచి ఒక దెబ్బ తగులుతుంది. లూక్ వెనక్కి తూలి, అంతసేపు ఎక్కిన ఎత్తంతా ఒక్కసారిగా పోగొట్టుకుంటాడు. మొదటి ఏడాది ఇక్కడే ఎన్నోసార్లు ఆట కట్టేశాను. తొందరపడకుండా ముందు కాల్చి తరువాత గెంతాలని చేతికి అలవాటయ్యాకే దారి తెరుచుకుంది.

పెద్ద లోపం ఒకటుంది. మధ్యలో ఆపి దాచుకునే వీలు లేదు, ఆగిన చోటినుంచి కొనసాగించే పాస్‌వర్డ్ కూడా లేదు. చివరి ఘట్టమైన డెత్ స్టార్ అనే శత్రు అంతరిక్ష కేంద్రం దాకా వెళ్లి ఓడినా మళ్లీ మొదటి దశ ఎడారి నుంచే మొదలు. కాల్చిన శత్రువులు మళ్లీ మళ్లీ పుట్టుకురావడం కూడా అన్యాయంగానే అనిపిస్తుంది. తరువాతి రెండు భాగాల్లో పాస్‌వర్డ్ పెట్టారు. 2015లో ప్లేస్టేషన్ 4కు వచ్చిన రూపంలో ఎక్కడైనా దాచుకోవచ్చు.

నేలకు కాస్త ఎత్తులో తేలుతూ పోయే ల్యాండ్‌స్పీడర్ అనే బండి దశ చూడటానికి బాగుంటుంది, ఆడటానికి అంతంతమాత్రం. ఇంధనం అయిపోయేలోపు జావాలను లెక్కకు సరిపడా కాల్చడమే పని. సంగీతం మాత్రం చెక్కుచెదరలేదు. సినిమాకు సంగీతమిచ్చిన జాన్ విలియమ్స్ బాణీలు ఆ చిన్న చిప్‌లోంచి అంత గంభీరంగా ఎలా పలుకుతాయోనని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను.

లైట్‌సేబర్ అనే వెలుగు కత్తి చేతికొచ్చాక అందరూ దాన్నే పట్టుకుంటారు. నేను తుపాకీనే నమ్ముకుంటాను, ఎందుకంటే ఈ ఆటలో శత్రువు దగ్గరికి వెళ్లడమంటే ప్రాణం పణంగా పెట్టడమే. మోస్ ఐస్లీ అనే ఊరి దశ తరువాత, లూక్ బదులు ఒళ్లంతా బొచ్చున్న చ్యూబాకా పాత్రను ఎంచుకోండి, ఎక్కువ దెబ్బలు ఓర్చుకుంటాడు. ఆటలో ‘ఈజీ’, ‘బ్రేవ్’, ‘జెడై’ అని మూడు కష్టస్థాయులున్నాయి, కొత్తవారు ‘ఈజీ’తో మొదలుపెట్టండి. ‘బ్రేవ్’ను నేను ఆరేళ్లకు పూర్తి చేశాను. ‘జెడై’లో ప్రస్తుతం క్యాంటీనా అనే మద్యశాల దశ దాటాను.