పర్యావరణ ప్రభావ నివేదికలు చదివిపెట్టే కృత్రిమ మేధ: మూడు నెలల వాడకం

క్వారీ వంటి ప్రాజెక్టు వల్ల చుట్టుపక్కల ఏమవుతుందో చెప్పే పర్యావరణ ప్రభావ మదింపు నివేదికలను చదివి, పరిశీలించవలసిన అంశాలు రాసిపెట్టే ఒక కృత్రిమ మేధ సేవను, నెలకు సుమారు రూ. 2,000 చందాతో, విజయవాడలో మూడు నెలలు వాడాను. ఈ మదింపుపై కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం, ప్రాజెక్టుపై జరిపే ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన వెలువడుతుంది. ఆ గడువులో వందల పేజీల ఇంగ్లీషు నివేదిక చదివి అభ్యంతరాలు రాయడం ఉద్యోగాలు చేసుకునేవారికి అయ్యే పని కాదు కనుకనే చందా కట్టాను.

ఎన్టీఆర్ జిల్లాలోని ఒక కంకర క్వారీ విస్తరణ నివేదికను ఇవ్వగానే, నీటి వాడకం రెండో అధ్యాయంలో రోజుకు 12 కిలోలీటర్లనీ నాలుగో అధ్యాయంలో 21 అనీ ఉందని, మార్చి నుంచి మే వరకు తీసిన గాలి నమూనాలను మరోచోట శీతాకాలపువిగా పేర్కొన్నారని, మొక్కల జాబితా పైన వేరే జిల్లా పేరు మిగిలిపోయిందని నిమిషాల్లో పట్టిచ్చింది. పాత నివేదికను దించి కొత్త అట్ట వేసే అలవాటు తెలిసినవారికి ఇందులో వింతేమీ లేదు. ఈ పనికి మాత్రం అయిదుకు అయిదు మార్కులు వేస్తాను.

ప్రమాణాల దగ్గర తడబడింది. గాలిలోని సన్నని ధూళి, అంటే పీఎం10, 24 గంటల సగటు 88 మైక్రోగ్రాములుగా నమోదై ఉంటే, పరిమితి 60 దాటిందని ధీమాగా రాసింది. ఘనపు మీటరుకు 60 అన్నది వార్షిక సగటుకు వర్తించే పరిమితి. 24 గంటలకు అది 100. ఆ వాక్యాన్ని ప్రజాభిప్రాయ సేకరణ సభలో అలాగే చదివి ఉంటే, నివేదిక తయారుచేసిన కన్సల్టెంటు ఒక్క మాటతో దాన్ని కొట్టిపారేసి, నిజమైన అభ్యంతరాలను కూడా దానితోపాటే పక్కకు నెట్టేవారు.

తెలుగు సంక్షిప్త నివేదిక యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లలో టైపు చేసినది కావడంతో, ఈ సేవకు అక్షరాలన్నీ పిచ్చిగీతలుగానే అందాయి. ఇంగ్లీషు ప్రతి నుంచి తెలుగు చేయమంటే, లారీల వెంట లేచే దుమ్మును, ఇంగ్లీషులోని ‘ఫ్యుజిటివ్ ఎమిషన్స్’ను మాటకు మాట మార్చి, ‘పారిపోయే ఉద్గారాలు’ అంది. దుమ్ము అని రాస్తే పోయేది!

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసినది వాగు సంగతి. క్వారీ పక్కన పారే వాగును నివేదిక ‘వర్షాకాలపు కాలువ’ అని ఒక్క ముక్కలో వదిలేసింది. ఈ సేవ కూడా దాన్నే నమ్మి, నీటి వనరులపై ప్రభావం స్వల్పమని తేల్చింది. ఆ వాగు బుడమేరులో కలుస్తుందనీ, 2024 సెప్టెంబరులో విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచినది ఆ బుడమేరేననీ, దాని నీరు చివరకు కొల్లేరు చేరుతుందనీ నేను చెప్పిన తరువాతే, పూడిక గురించి పనికివచ్చే ప్రశ్నలు నాలుగు రాసింది. కాగితం మీద లేనిది దానికి కనిపించదు.

అందుకే ఇప్పుడు ముందుగా ఊరివారితో కలిసి వాగు వెంట నడిచి వచ్చి, ఆ వివరాలతో సహా నివేదికను దానికి ఇస్తున్నాను. అది చూపిన ప్రతి పేజీ సంఖ్యనూ తెరిచి సరిచూస్తున్నాను. చందా మాత్రం ప్రజాభిప్రాయ సేకరణ ఉన్న నెలకే కడుతున్నాను.